ఒక జర్మన్ డివిజన్ చరిత్ర కోసం కోట దాకా

నెల్లూరులో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు కోటలో దిగొచ్చు. మాకు మూడు రోజులు పట్టింది. మీలో కోట చూడని వాళ్ళు చాలామంది ఉంటారు. చూసినవాళ్ళు కూడా మాలాగా ఇంత చుట్టు తిరిగి, ఒక జర్మనీ మాజీ సిపాయిని వెంటబెట్టుకుని పోయి ఉండరు. అందుకని ఆ ప్రయాణం సంగతి రాస్తున్నాను.

నేను నెల్లూరులో టైపు, షార్టుహాండు నేర్పే మనిషిని. నా పేరు రత్నం. నా దగ్గరికి ఒకరోజు మిషను ఆస్పత్రిలో కరెంటు ఇంజను, జీపు బాగుచేసే హైన్రిష్ వచ్చాడు. ఆరడుగుల మనిషి. మందమైన కళ్ళజోడు. వయసు నలభైకి మూడు నాలుగేళ్ళు తక్కువ ఉంటుంది. ఇంగ్లండులో యుద్ధకాలపు కాగితాలు దాచే ఆఫీసులకు ఇంగ్లీషులో ఉత్తరాలు టైపు చేయించుకోవాలన్నాడు. ఎందుకని అడిగితే, తాను యుద్ధంలో పనిచేసిన డివిజన్‌కు, అంటే వేలమంది సిపాయిలుండే పెద్ద దళానికి, చరిత్ర రాస్తున్నారనీ, బతికున్న పాత సిపాయిలంతా తలా ఒక అధ్యాయం పంచుకున్నారనీ, తన వంతుకు ఇటలీ వచ్చిందనీ చెప్పాడు.

ఆరునెలలు ఉత్తరాలు నడిచాయి. చివరికి ఒక జవాబు వచ్చింది. ఇటలీలో ఫలానా నది దగ్గర వాళ్ళ డివిజన్‌కు ఎదురుగా ఉన్నది మద్రాసు నుంచి వెళ్ళిన వంతెనలు కట్టే దళమట. హైన్రిష్ ఆ ఉత్తరం చదివి కుర్చీలో వెనక్కి వాలాడు. ప్రపంచంలో ఎక్కడెక్కడో వెతుకుతుంటే, తనమీద తుపాకులు ఎక్కుపెట్టిన వాళ్ళు తాను రోజూ కాఫీ తాగే జిల్లాలోనే ఉండి ఉండొచ్చు.

పాత సైనికుల మంచిచెడ్డలు చూసే ఆఫీసులో ఒక గుమాస్తా మూడు పేర్లు రాసిచ్చాడు. ముత్తుకూరులో ఒకరు, కృష్ణపట్నంలో ఒకరు, కోటలో ఒకరు. నాకు వేసవి సెలవులు. హైన్రిష్‌కు తెలుగులో "నొప్పి ఎక్కడ", "పెట్రోలు లేదు" అనే రెండు మాటలే వచ్చు. దుబాసీగా నేను బయలుదేరాను.

ముత్తుకూరు

నయాపైసలు వచ్చి అప్పటికి కొన్నేళ్ళయినా మా వైపు జనం ఇంకా అణాల్లోనే ఆలోచించేవాళ్ళు. బస్సులో కండక్టరు పైసల్లో అడిగాడు, పక్కన కూర్చున్న ముసలమ్మ అణాల్లో ఇచ్చింది, ఇద్దరికీ మధ్య ఒక పైసా తేడా వచ్చింది. బస్సు ఆపి మరీ వాదించుకున్నారు. హైన్రిష్ తన జేబులోంచి ఒక పైసా తీసి ఇవ్వబోతే ఇద్దరూ కలిసి అతని మీద పడ్డారు. ఇది న్యాయం సంగతి, దొర డబ్బు సంగతి కాదన్నారు.

ఇంకో చిక్కు అతని పేరుతో వచ్చింది. హైన్రిష్ అనే మాట ఆస్పత్రి ఆయాల నోళ్ళలో "ఎండ్రిక్కు" అయింది. ముత్తుకూరులో దిగేసరికి, మే నెల ఎండకు ఎర్రగా కమిలిన ఆ మొహం చూసి, పిల్లలు దాన్ని "ఎండ్రకాయ దొర" చేసేశారు. పులుసులో ఉడికిన ఎండ్రకాయను, అంటే పీతను, చూసినవాళ్ళెవరూ ఆ పిల్లలను తప్పుపట్టలేరు. అర్థమేమిటని అతను అడిగాడు. గౌరవంగా పిలుస్తున్నారని చెప్పాను.

గుమాస్తా రాసిచ్చిన మొదటి మనిషి హవల్దారు రాఘవయ్య గారు కళ్ళం దగ్గర వడ్లు తూర్పారపట్టిస్తున్నాడు. వచ్చింది జర్మనీ సిపాయి అని చెప్పగానే చేట కింద పెట్టి, ఇంట్లోకి పోయి, పతకాలు తగిలించిన చొక్కా వేసుకుని వచ్చాడు. తన జీవితంలో ఒక శత్రువుతో కూర్చుని మాట్లాడే భాగ్యం కలుగుతుందనుకోలేదట. రెండు గంటలు చెప్పాడు. వాన, కొండలు, మోకాలిలోతు బురద. హైన్రిష్ తల ఊపుతూ రాసుకున్నాడు. ఆ వాన తనకూ తెలుసన్నాడు, ఆ బురదా తెలుసన్నాడు. ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత రాఘవయ్య గారు వెదురుపొదల్లోంచి జలగలు మీద పడిన సంగతి ఎత్తుకున్నాడు.

హైన్రిష్ కలం ఆపాడు. ఇటలీలో వెదురు లేదే అన్నాడు. నేను ఆ మాట తెలుగులో చెప్పాను.

"ఇటలీ అని నేనెప్పుడు చెప్పినా?" అన్నాడు రాఘవయ్య గారు. "నేను పోయింది బర్మా. కొట్టింది జపానోళ్ళను."

పదకొండు పేజీలు నిండాయి అప్పటికే. హైన్రిష్ మొహం చూసి ఆయనకు జాలి వేసినట్టుంది. బాధపడొద్దని చెప్పమన్నాడు, మీరు ఎదురుపడి ఉంటే మిమ్మల్ని కూడా అట్నే కొట్టుందుము అని ఓదార్చాడు.

భోజనానికి ఉండిపొమ్మన్నారు. మొలగొలుకుల అన్నం, ముందురోజు కాచిన చేపల పులుసు. మా నెల్లూరులో చేపల పులుసు వండిన రోజు తినేవాడు ఆకలిగొన్నవాడు, మర్నాడు తినేవాడు రుచి తెలిసినవాడు. హైన్రిష్ మొదటి ముద్దకే చెవులదాకా ఎర్రబడ్డాడు. వాళ్ళ ఊళ్ళో చేపను ఉప్పునీళ్ళలో ఉడికించి, బంగాళాదుంప పక్కన పెట్టుకుని తింటారట. రాఘవయ్య గారి భార్య అది విని, పాపం, అందుకే యుద్ధాలకు పోయినట్టుండారు అని, ఇంకో గరిటె వడ్డించింది.

కృష్ణపట్నం, అక్కడి నుంచి కాలవ మీద

కృష్ణపట్నం మనిషి ఊళ్ళో లేడు. కొడుకు దగ్గరికి మద్రాసు పోయి ఏడాదయిందన్నారు. ఇక మిగిలింది కోట పేరు ఒక్కటే. వెనక్కి నెల్లూరు పోయి బస్సు పట్టుకుందామన్నాను. రేవులో మద్రాసుకు సరుగుడు కట్టెలు తీసుకుపోయే పడవ ఒకటి కనపడింది హైన్రిష్‌కు. దాంట్లో పోదామన్నాడు. అతను ఒక యంత్రం లేని బండి ఎక్కాలని ముచ్చటపడ్డాడు, అంతే. నేను ఒప్పుకోవడం నా తప్పు.

పడవ సరంగు పేరు పోలయ్య. గాలి ఉన్నంతసేపు తెరచాప, గాలి పడిపోతే గట్టుమీద నడుస్తూ మోకుతో లాగడం. వేసవిలో బకింగ్‌హాం కాలవలో నీళ్ళు తక్కువ. రెండు పక్కలా ఉప్పుమళ్ళు తెల్లగా మెరుస్తుంటాయి, అవతల సరుగుడు తోపులు, వాటి వెనక కనపడకుండా సముద్రం హోరు. గంటకు ఎంత దూరం పోతామని అడిగాను. పోలయ్య ఆ ప్రశ్నను చాలా సేపు ఆలోచించి, కాలవలో దూరం ఉండదు సార్, చేరడమే ఉంటది అన్నాడు.

మధ్యాహ్నం గాలి ఆగింది. పోలయ్య, అతని తమ్ముడు మోకు పట్టుకుని గట్టెక్కారు. తానూ లాగుతానని హైన్రిష్ దిగాడు. పది బారలు బాగా లాగాడు. పదకొండో బార దగ్గర గట్టు జారి, నిలువునా కాలవలో పడ్డాడు. నీళ్ళు నడుము దాకానే, కానీ బురద ఇంకా కిందికి ఉంది. మనిషి మెడదాకా దిగిపోయినా, నోట్‌బుక్కు పట్టుకున్న చెయ్యి మాత్రం నీళ్ళపైన నిటారుగా నిలబడింది. ముందు ఆ పుస్తకాన్ని తీసుకున్నాం, తర్వాత మనిషిని తీశాం.

బట్టలు ఆరేదాకా పోలయ్య లుంగీ కట్టుకుని కట్టెల మీద కూర్చున్నాడు. పోలయ్య భార్య పడవలోనే వండి పెట్టింది. మట్టి దాకలోకి చూసి ఇదేమిటని చేత్తో సైగచేశాడు హైన్రిష్. ఆమె "ఎండ్రకాయ" అంది. పిలిచిందనుకుని అతను "యెస్" అన్నాడు. ఆమె మళ్ళీ దాక చూపించి "ఎండ్రకాయ" అంది. అతను దాకలోకి చూశాడు, తన చేతులు చూసుకున్నాడు, నా వైపు చూశాడు. చాలాసేపు నేను ఉప్పుమళ్ళను పరిశీలించాను.

ఆ సాయంత్రం దాకా అతను తన డివిజన్ కథ చెప్పాడు. నేను తెలుగులో చెబుతుంటే పోలయ్య చుక్కాని పట్టుకుని విన్నాడు. బంగాళాదుంపలు, చక్కెరదుంపలు పండించే ఒక జిల్లాలో రైతుల్ని, నేతపనివాళ్ళను, బడిపంతుళ్ళను పోగుచేసి కట్టిన కాలిబంటు డివిజన్ అది. జర్మన్లంతా టాంకుల మీద పోయారని లోకం అనుకుంటుంది. వీళ్ళు మాత్రం నడిచారు. ఫ్రాన్సు నడిచారు, రష్యా నడిచారు. సామాన్లు, ఫిరంగులు గుర్రపు బండ్ల మీద. ఫ్రాన్సు అధ్యాయంలో తూటాల కంటే బొబ్బల ముచ్చటే ఎక్కువట.

"బండ్లు తోలుకుంటా యుద్ధానికి పోయినారా?" అన్నాడు పోలయ్య. అతనికి మొదటిసారి ఆ డివిజన్ మీద గౌరవం కలిగింది. గుర్రాలకు మేత ఎట్లా అని అడిగాడు. రెండో చలికాలంలో మేత లేక గుర్రాలు పోయాయని హైన్రిష్ చెప్పాడు. మనుషుల సంగతి పోలయ్య అడగలేదు. గుర్రాల దగ్గరే ఆగిపోయి నాలుక చప్పరించాడు.

తూర్పు అధ్యాయం, అంటే రష్యా సంగతి, రాసింది వేరే ఆయనట. అది అంత నిజం కాదు అన్నాడు హైన్రిష్. ఎందుకని అడిగాను. తాను అక్కడికి పోలేదని, అప్పటికి తనకు వయసు రాలేదని చెప్పాడు. కానీ పోయివచ్చినవాళ్ళు తాగినప్పుడు చెప్పిన మాటల్లో కాలిపోయిన ఊళ్ళున్నాయి, పుస్తకంలో మాత్రం చలి ఒక్కటే ఉంది అన్నాడు. ఆ మాట నేను పోలయ్యకు తెలుగులో చెప్పలేదు. హైన్రిష్ కూడా చెప్పమనలేదు.

తర్వాత ఇటలీ. రష్యాలో సగం చచ్చిన డివిజన్‌ను పందొమ్మిదేళ్ళ కుర్రాళ్ళతో, నలభై దాటిన సంసారులతో నింపి అక్కడికి పంపారు. నదికీ నదికీ మధ్య వెనక్కి నడవడమే వాళ్ళ పని. ఒక నది ఒడ్డున పిండిమర ఉండేది. దాన్ని పట్టుకుని ఉండమని ఎనిమిది మందిని పెట్టారు. హైన్రిష్ వాళ్ళలో అందరికంటే చిన్నవాడు. ముందురోజే అతని కళ్ళజోడు పగిలింది. ఒక సాయంత్రం సార్జెంటు ఒక కాగితం మడిచి అతని చేతికిచ్చి, వెనక ఉన్న దళం దగ్గరికి పొమ్మన్నాడు. సాయం కోసమే అయి ఉంటుంది. అతను చీకట్లో, మంచులో దారి తప్పాడు. ఒక గడ్డివాములో దూరి నిద్రపోయాడు. మర్నాడు సాయంత్రానికి చేరేసరికి దళమే లేచి వెళ్ళిపోయింది. జేబులో కాగితం తడిసి పిండయింది. ఆ నెలలోనే డివిజన్ చెల్లాచెదురైంది. తర్వాత వాళ్ళ జిల్లానే వేరే దేశంలో కలిసిపోయి, అక్కడి జనం దిక్కులు పట్టి పోయారు. ఆ ఏడుగురి జాడ అతనికి మళ్ళీ తెలియలేదు.

చరిత్ర కమిటీవాళ్ళు ఆ అధ్యాయానికి ముందే ఒక వాక్యం రాసి పంపారట: పిండిమర దగ్గర మనవాళ్ళు ఆఖరి మనిషి దాకా పోరాడారు అని. "ఆఖరి మనిషిని నేనే కదా," అన్నాడు హైన్రిష్ నాతో. "నేను నిద్రపోయాను."

పదిహేడేళ్ళుగా అతను ఆ గడ్డివాములోనే ఉన్నాడని నాకప్పుడు అర్థమైంది. డివిజన్ చరిత్ర అనేది సాకు. ఆ ఏడుగురూ ఎట్లా చచ్చారో, తన నిద్రవల్ల చచ్చారో కాదో తెలుసుకోడానికే అతను ఈ పడవెక్కాడు.

కోట

మూడోనాడు కాలవ రేవులో దిగి, ఎద్దులబండి మీద కోట చేరాం. గుమాస్తా రాసిచ్చిన మూడో మనిషి చనిపోయి రెండేళ్ళయింది. ఆయన భార్య సుబ్బమ్మ గారు పంచలో చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుని ఉంది. మేం వచ్చిన పని చెప్పాను. ఆమె నవ్వింది.

మా ఆయన యాడ సిపాయి నాయనా, గోడౌనులో బూట్లు పంచినాడు అంది. జర్మనీ వాళ్ళను కళ్ళారా చూసిన మనిషి కావాలంటే మిలిట్రీ మస్తానయ్యను అడగమంది. ఆయన ఆ వంతెనల దళంలో వంటవాడట. సిపాయిల జాబితాలో వంటవాళ్ళ పేర్లు ఉండవు, అందుకే గుమాస్తాకు దొరకలేదు. ఇప్పుడు చుట్టుపక్కల ఏ పెళ్ళి జరిగినా వంట మస్తానయ్యదే. రేపు తూర్పున రెండు కోసుల దూరంలో ఒక పల్లెలో పెళ్ళుంది, అక్కడ ఉంటాడు అంది. మూడు రోజులు కాలవలూ రేవులూ తిరిగిన మాకు దొరకని మనిషిని చింతపండు దగ్గర నుంచి లేవకుండా పట్టి ఇచ్చింది.

మజ్జిగ ఇచ్చి, హైన్రిష్‌ను కాసేపు పరికించి చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"మావోళ్ళంటే జీతానికి పోయినారు. మీరు ఎందుకు పోయినారు నాయనా, అంతంత దూరం?"

పొమ్మన్నారు, పోయాం అన్నాడు హైన్రిష్.

"పొమ్మంటే పోయేదేనా?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. ఆ ప్రశ్నను జర్మన్‌లో నోట్‌బుక్కులో రాసుకున్నాడు. సుబ్బమ్మ గారు గింజలు తీసిన చింతపండు కొంచెం పొట్లం కట్టి, మీ ఇంట్లో పులుసులోకి అని అతనికిచ్చింది.

పెళ్ళివారి గాడిపొయ్యి దగ్గర

నేల తవ్వి చేసిన పొడవాటి గాడిపొయ్యి మీద అయిదు గుండిగలు. మధ్యలో నిలబడి, భుజాన తువ్వాలుతో, అరవై ఏళ్ళ సన్నటి మనిషి అయిదింటినీ ఒక్క చూపుతో అదుపులో పెడుతున్నాడు. మస్తానయ్యకు సంగతి చెప్పాను. పంక్తి లేచేదాకా తనకు యుద్ధం గురించి ఆలోచించే తీరిక లేదన్నాడు. ఎర్రగడ్డలు తరిగే మనిషి ఒకడు రాలేదు, దొర ఖాళీగా నిలబడే బదులు కూర్చుని తరగొచ్చు అన్నాడు. ఉల్లిపాయల్ని మా వైపు ఎర్రగడ్డలంటారు.

పెళ్ళివాళ్ళు గుంపుగా వచ్చి చూశారు. పెళ్ళికొడుకును చూడ్డానికి వచ్చిన జనం సగం వంటల దగ్గరికి తరలిపోయింది. హైన్రిష్ చాప మీద మఠం వేసుకోలేక, కాళ్ళు చాపుకుని, పెళ్ళివాళ్ళు ఇచ్చిన కత్తితో మొదలుపెట్టాడు. ఉల్లిపాయను నిలువునా రెండు చేసి, బోర్లించి, వేర్ల వైపు ముడి తియ్యకుండా దాన్నే పట్టుకుని, సన్నగా తరుగుతున్నాడు. మనవాళ్ళు ఆ ముడి ముందే తీసేస్తారు. గుట్ట పెరిగింది. కళ్ళజోడు వెనక నీళ్ళు ధారగా కారుతున్నాయి. పెళ్ళికూతురి మేనత్త అది చూసి, ఎవరో పోయినట్టు ఏడుస్తుండాడే అని తన కొంగు ఇచ్చింది.

మస్తానయ్య గరిటెతో దాటిపోతూ ఆగాడు. వంగి ఆ చేతుల్ని చూశాడు.

"దొరా, ఇట్టా ముడి పెట్టి తరగను నేర్పించిందెవురు?"

మా దళంలో ఒకడు, ఓడల్లో వంటవాడుగా పనిచేసినవాడు అని నా చేత చెప్పించాడు హైన్రిష్.

"ఇట్టా తరిగినోణ్ణి నా బతుకులో ఒక్కణ్ణే చూసినా," అన్నాడు మస్తానయ్య. "వాడూ మీవోడే. ఓటయ్య అని పిల్చేవోళ్ళం."

"ఓటో," అన్నాడు హైన్రిష్. అతని కత్తి ఆగింది. దీనికి దుబాసీ అవసరం లేకపోయింది.

గుండిగలో పప్పు అడుగంటుతుంది అని మస్తానయ్య వెళ్ళిపోయాడు. పంక్తి కూర్చోవడం, లేవడం, రెండో పంక్తి కూర్చోవడం, లేవడం. రెండు గంటలు. ఆ రెండు గంటల్లో హైన్రిష్ ఊరికి సరిపడా ఉల్లిపాయలు తరిగాడు. అవసరానికి మించి తరిగాడని తర్వాత తెలిసింది. ఆ వారమంతా ఆ పల్లెలో ఉల్లిపాయ కూరేనట.

పంక్తులు అయ్యాక మస్తానయ్య మమ్మల్ని గడ్డివాము చాటుకు తీసుకుపోయాడు. ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో తాను ముగ్గురు జర్మనీ సిపాయిల్ని గరిటెతో పట్టుకున్నట్టు వాడుక ఉందనీ, అది మొత్తం అబద్ధం కాదుగానీ జరిగిన తీరు కొంచెం వేరనీ గొంతు తగ్గించి చెప్పాడు. తెల్లవారుజామున ముందున్న సిపాయిలకు టీ, చపాతీలు, పప్పు కంచరగాడిద మీద తీసుకుపోతున్నాడు. మంచు. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. దారి తప్పి ఒక పిండిమర దగ్గర తేలాడు. మనవాళ్ళే అనుకుని "చాయ్" అని కేకేశాడు. తలుపు తీసుకుని ముగ్గురు బయటికొచ్చారు. మనవాళ్ళు కాదు.

"నేను చేతులెత్తినా," అన్నాడు మస్తానయ్య. "చూస్తే వాళ్ళూ ఎత్తుండారు. నలుగురం చేతులెత్తుకోని నిలబడుకోనుండాం. గాడిద ఒక్కటే ఎత్తలా."

ఎంతసేపు అట్లా ఉన్నారో తెలియదట. చివరికి పప్పు వాసన తగిలి ఓటో ఇంగ్లీషులో, అందులో ఏముంది అని అడిగాడు. కూర్చుని తిన్నారు. తిన్నాక గాడిద వెనకాల నడిచి వచ్చారు. వానలకు వంతెన కొట్టుకుపోవడంతో పది రోజులు ఖైదీల్ని పంపే దారి లేక, ముగ్గురూ వంటశాలలోనే ఉన్నారు. అప్పుడే ఓటో ఉల్లిపాయలు తరిగింది. తర్వాత లారీ వచ్చి తీసుకుపోయింది. మిగతా నలుగురూ ఏమయ్యారని హైన్రిష్ అడిగాడు. ముందురోజు సాయంత్రం అన్నానికి కూర్చున్న చోట ఫిరంగి గుండు పడిందనీ, పిండిమర వెనకాల వాళ్ళను పూడ్చిన గుంటలు తానూ చూశాననీ చెప్పాడు మస్తానయ్య.

హైన్రిష్ లెక్కవేశాడు. తాను బయలుదేరిందీ ఆ సాయంత్రమే. దారి తప్పకుండా పరుగెత్తినా, సాయం వచ్చేసరికి అర్ధరాత్రి దాటేది. అతను మెల్లగా ఊపిరి వదిలాడు. చేతులు కలిపి దణ్ణం పెట్టాడు. మేం బండెక్కాం.

వంద గజాలు పోయామో లేదో, బండి ఆపమన్నాడు. బండివాడు విసుక్కున్నాడు. అప్పటికే అతని ఎద్దులు ఇంటిమొహం పట్టాయి. హైన్రిష్ దూకి వెనక్కి నడిచాడు, అతని వెనక నేను. మస్తానయ్య గుండిగలు తోమిస్తున్నాడు. సాయం కోసం పంపిన కుర్రవాణ్ణి గురించి వాళ్ళు ఏమన్నా అన్నారా అని అడగమన్నాడు. ఆ కుర్రవాడు ఎవరో చెప్పొద్దన్నాడు. నేను అడిగాను.

మస్తానయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"అన్నారు. ఓటయ్య మూడు తూర్లు అన్నాడు. మావోడు ఒకడు యెనక్కి పోయినాడు, కళ్ళద్దాలు లేవు, తూరుపేదో పడమరేదో తెలీదు, దావలో కనపడితే కాల్చొద్దని మీవోళ్ళకు చెప్పు అన్నాడు. నేను మా జమేదారుకు చెప్పినా."

"సాయం కోసమే కదా పంపింది?" అని అడిగాను.

"సాయమా? సాయం యాడ నుంచి వస్తది సార్ ఆ మంచులో. ఆ చీటీలో ఏం రాసినారో ఓటయ్య చెప్పి నవ్వినాడు. వీడు చిన్నోడు, వీణ్ణి మళ్ళా ఈడికి పంపొద్దు, అంతే అంట."

నేను ఇంగ్లీషులో చెప్పాను. హైన్రిష్ మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. మూడోసారి అడిగితే తొందరలో నేను తెలుగులోనే చెప్పేశాను. అతను తల ఊపాడు.

మస్తానయ్య ఒకసారి అతని కళ్ళజోడు వైపు చూశాడు, ఒకసారి నా వైపు చూశాడు. గుండిగ అడుగున మిగిలిన పాయసం గిన్నెలోకి తీసి, అతని చేతిలో పెట్టి, అది అయిపోయేదాకా ఎదురుగానే కూర్చున్నాడు.

మళ్ళీ నెల్లూరు

వచ్చేటప్పుడు బస్సులో వచ్చాం. మూడు గంటలు కూడా పట్టలేదు. దాని గురించి రాయడానికేమీ లేదు.

తర్వాతి నెలంతా హైన్రిష్ సాయంత్రాలు నా దగ్గర కూర్చుని రాశాడు. అతను జర్మన్‌లో రాసి ఇంగ్లీషులో చెబుతుంటే, ఇంగ్లండు ఆఫీసుకు పంపే ప్రతిని నేను టైపు చేశాను. తనది కాని తూర్పు అధ్యాయానికి కూడా ఒక పేజీ జతచేశాడు. తాగినప్పుడు ఎవరెవరు ఏయే ఊళ్ళ పేర్లు చెప్పారో అందులో ఉంది. కమిటీ దాన్ని అచ్చువేస్తుందని అతనికి నమ్మకం లేదు. నాకూ లేదు. అయినా పంపాడు. ఓటో కోసం వాళ్ళ దేశంలో తప్పిపోయినవాళ్ళను వెతికే చోటికి ఉత్తరం రాశాడు. ఇది రాసేనాటికి జవాబు రాలేదు.

పిండిమర వాక్యం దగ్గర మాత్రం మూడు రోజులు ఆగిపోయాం. ఆఖరి మనిషి దాకా అనే మాట కొట్టేశాడు. నలుగురి చావు రాశాడు, చీటీ సంగతి రాశాడు, తాను నిద్రపోయిన సంగతీ రాశాడు. మస్తానయ్య పేరు, ఊరు, పప్పు, చపాతీలు కూడా ఎక్కాయి. కానీ ఆ పల్లెలో మేం మళ్ళీ బండెక్కేముందు మస్తానయ్య నన్ను పక్కకు పిలిచి, మనవరాళ్ళు ఎప్పటికైనా చదువుతారు, నేనే ముందు చేతులెత్తినట్టు రాయొద్దని చెప్పండి సార్ అన్నాడు. నేను ఆ మాట హైన్రిష్‌కు చెప్పాను. చరిత్రలో అబద్ధం రాయకూడదన్నాడు హైన్రిష్. మీ కమిటీ రాసేది అట్లాంటిదేనని పడవలో నువ్వే అన్నావు కదా అన్నాను, అందుకే రాయకూడదు అన్నాడు. మూడో రోజు సాయంత్రం వచ్చి, నిలబడే ఆ వాక్యం చెప్పాడు. నేను టైపు చేశాను:

"ఇరుపక్షాలూ చేతులెత్తాయి. మంచు దట్టంగా ఉన్నందువల్ల ఎవరు ముందు ఎత్తారో తేల్చడానికి వీలుపడలేదు."